బీరువాలోని పుస్తకము, బాలుని చేతిలోని పుస్తకము
(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



పాఠశాలలకును, విద్యార్థి వసతిగృహములకును ఎట్టి పుస్తకము లొసంగవలెనో విన్నవింపుడని సంఘమువారు మమ్ము ఆజ్ఞాపించిరి. పెద్దల యాజ్ఞను శిరసావహించి నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

మొదట మా పొరపాటునే చెప్పుకొందుము. కొన్నియేండ్ల క్రిందట మేమొక పల్లెబడికి బీరువాను, దాని నిండ పుస్తకములను సమర్పించితిమి. సభ జరిగినది, పూలదండలు పడినవి. మూడేండ్లకు మరల పోయి చూడగా పుస్తకమొక్కటియు పోలేదు, ఒక్కటియు నలుగలేదు. అద్దములపై దుమ్ము, తలుపునకు తాళము. ఒక బాలిక ఆ అద్దమునకు ముక్కానించి పుస్తకముల పేరులు కూడబలుకుకొనుచుండెను. ఉపాధ్యాయులను నిందింపబోయి ఆగితిమి. పోయిన ప్రతి పుస్తకమునకును లెక్క చెప్పవలెనని వ్రాయించుకొన్నవారము మేమే గదా! ఆ తాళము వారు వేసినది కాదు, మేము వేయించినది.

మన గ్రంథాలయోద్యమము ఇట్టిది కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనమును నెలకొల్పిన మహనీయులు పుస్తకమును జనులయొద్దకు చేర్చుటకే పాటుపడిరి. పుస్తకము లున్నది వాడుకొనుటకేయని రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రమునకు ప్రథమసూత్రముగా నిర్దేశించిరి. ప్రతి పాఠశాలకును వార్తాపత్రికలు, కథల పుస్తకములతోగూడిన గ్రంథాలయ ముండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము విధించుచున్నది. కావున కొఱత శాసనమునందు లేదు. మన యాచరణయందే కలదు.

ఇక పుస్తకముల యెంపిక. అక్షరములు నేర్చుకొను పసివారికి పెద్ద బొమ్మలును, కొద్ది మాటలును గల పుస్తకములు కావలెను. నేషనల్ బుక్ ట్రస్టువారును, ప్రథమ్ బుక్స్‌వారును ఇట్టివానిని స్వల్పమూల్యమునకు తెలుగున అందించిరి. కొంచెము పెద్దవారికి ముళ్ళపూడి వెంకటరమణగారి ‘బుడుగు’ను బాపుగారి బొమ్మలతో నొసంగుడు. అందలి భాష వాడుకభాషయని పెద్దలు సంకోచింపవచ్చును, పిల్లలు సంకోచింపరు. జపానుదేశపు రచయిత్రి తెత్సుకో కురోయానాగి తన బాల్యమునుగూర్చి 1981లో ప్రకటించిన గ్రంథము ‘రైలుబడి’ యను పేర తెలుగున వెలసినది. రైలుపెట్టెలే తరగతిగదులైన ఆ బడి కథ పిల్లలతోబాటు ఉపాధ్యాయులును చదువదగినది. మహీధర నళినీమోహన్‌గారి ‘కేలండర్ కథ’ మాసములు, సంవత్సరముల లెక్క యెట్లేర్పడెనో కథవలె బోధించును.

పదునాలుగేండ్లు దాటినవారికి కేశవరెడ్డిగారి ‘అతడు అడవిని జయించాడు’ నొసంగవలెనని మా ప్రార్థన. తప్పిపోయిన సూడిపందికై రాత్రివేళ అడవి సొచ్చిన పేద ముసలివాని కథయది. మన యింట పుట్టని వాని కష్టమును మన బిడ్డ తన కష్టముగా నెఱుంగుట కంటె గొప్ప చదువు వేఱొకటి గలదా?

పోషకులు మన్నింతురేని మఱియొక మాట. మన పెద్దల జీవితచరిత్రలు పూజ్యములే. కాని ఒకే గ్రంథము ఇరువది ప్రతులు ఒకే బడికి పంపిన, అది దాతకు తృప్తి గూర్చునేగాని బాలునికి పఠనాసక్తి గలిగింపదు. ఒక ప్రతి చాలును. తక్కిన ధనముతో బాలు రడిగిన పుస్తకములు కొనుడు. మఱియు మన దానము మన పిల్లలకే చెందవలెనను మాట వినవచ్చుచున్నది. ఒకే బల్లపై కూర్చుండు పిల్లలలో ఒకని చేతికిచ్చి, ప్రక్కవానికి లేదనుట విద్యాదాన మనిపించుకొనదు.

కావున మా సూచన యిది. సంఘము పుస్తకములకై వెచ్చించు ప్రతి నూఱు రూపాయలలో పది రూపాయలు, పోయినవానికిని చినిగినవానికిని బదులు కొనుటకై ముందుగనే కేటాయింపవలెను. ఉపాధ్యాయుల యొద్ద నష్టము రాబట్టబోమని వ్రాసి యీయవలెను. పుస్తకములు ఇంటికి పంపవలెను. ఏటేట వచ్చి, పోయిన పుస్తకము లెన్నియని గాక, నలిగిన పుస్తకము లెన్నియని అడుగవలెను.

మేమిచ్చిన బీరువా తాళమును ఆనాడే తీయించితిమి. ఆ బాలిక మొదటి పుస్తకమును ఇంటికి గొనిపోయినది. అది తిరిగి వచ్చెనో లేదో మేము విచారింపలేదు.