నల్లాకు మీటర్ పెడితే మనకేంటి? 20 వేల లీటర్ల లెక్క

ఈరోజు టాపిక్ నీళ్ల మీటర్. "మీటర్" అనంగనే సగం మంది వీడియో స్కిప్ చేస్తరని తెలుసు. మన దగ్గర ఆ మాటకే మంచి పేరు లేదు. పొలం మోటార్లకు మీటర్లు పెడతారన్న మాట మీద రాష్ట్రంలో ఎంత రాజకీయం నడిచిందో చూసినం కదా. అందుకే ముందే చెప్తున్న, ఇది పొలం బోరు గురించి కాదు, ఇంటి నల్లా గురించి.

హైదరాబాద్ నుంచి మొదలుపెడదాం. 2021 జనవరిలో అక్కడ ఇంటికి నెలకు 20 వేల లీటర్ల నీళ్లు ఫ్రీ అన్నరు. వినడానికి ఎన్నికల హామీ లెక్కనే ఉంది, నిజానికి అదే. 2020 జీహెచ్ఎంసీ ఎన్నికల ముందు ఇచ్చిన మాట. కానీ దాంట్ల ఒక కండిషన్ ఉంది. బస్తీలను వదిలేస్తే, మిగతా ఇండ్లకు ఫ్రీ కావాలంటే మీటర్ ఉండాలి, అది పని చేయాలి, క్యాన్ నంబర్‌కు ఆధార్ లింక్ కావాలి. అంటే ఏమైంది? అంతకుముందు మీటర్ అంటే బిల్లు పెరుగుతదని భయం. ఇప్పుడు మీటర్ లేకపోతేనే బిల్లు వస్తది! ఈ ఐడియా నాకు బాగా నచ్చింది. జనాన్ని తిట్టకుండా, వాళ్లే మీటర్ పెట్టుకునేటట్టు చేసిన్రు.

ఇప్పుడు 20 వేలను 30తో భాగిస్తే రోజుకు సుమారు 666 లీటర్లు. ఐదుగురు ఉన్న ఇంట్లో మనిషికి 133. మిషన్ భగీరథలో మున్సిపాలిటీలకు పెట్టుకున్న లెక్క మనిషికి 135 లీటర్లు. దగ్గర దగ్గర అంతే. అదే పథకంలో మనలాంటి ఊర్లకు మనిషికి 100. అంటే ముత్యంపేటలో ఐదుగురి ఇంటికి రోజుకు 500 లీటర్లు రావాలి, నెలకు 15 వేలు.

మరి వస్తున్నయా? మీ ఇంటికి నిన్న ఎన్ని లీటర్లు వచ్చినయో చెప్పగలరా? చెప్పలేరు. నేనూ చెప్పలేను. "అర్ధగంట వచ్చినయ్", "సన్నగ వచ్చినయ్" అంటం, అంతే. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, లాగ్స్ లేని సర్వర్ ఇది. ఎక్కడ ప్రాబ్లమో ఎవరికీ తెల్వదు, అందరూ ఒకరినొకరు అనుమానిస్తరు.

ఇంకో సంగతి. మన మల్లాపూర్ మండలానికి ఉత్తరాన పారే గోదావరి కింద ఎల్లంపల్లికి పోతది. అక్కడి నుంచి పైపుల్లో హైదరాబాద్‌కు నీళ్లు పంపింగ్ చేస్తరు. అంటే మన పక్క నుంచి పోయిన నీళ్లే అక్కడ ఒక ఇంట్లో మీటర్ మీద లెక్కకు వస్తయి, ఇక్కడ నల్లా కింద మోరీల పోతయి. మన దగ్గరి చాలా మున్సిపాలిటీల్లో కూడా నెలకు ఇంత అని ఫిక్స్‌డ్ చార్జీనే. ఒంటరిగా ఉండే అవ్వ రెండు బిందెలు పట్టుకున్నా అంతే, రోజూ కారు కడిగేటోనికీ అంతే. ఇది ఫెయిర్ అంటరా?

అసలు గొడవ ఏందో తెలుసా, నల్లాకు మోటార్ పెట్టుడు. నల్లా వచ్చే టైంకు నాలుగు ఇండ్లు మోటార్ ఆన్ చేస్తే, లైన్ చివరి ఇంటోళ్లకు నల్లాల గాలి వస్తది. నీళ్లు దొరకకపోవుడు ఒక్కటే కాదు, మోటార్ గుంజుడుకు పైపుల ప్రెషర్ పడిపోయి, ఎక్కడన్న పగులు ఉంటే బయటి మురికి లోపలికి వస్తది. అవే నీళ్లు పిల్లలు తాగుతరు. హైదరాబాద్ వాటర్ బోర్డు 2025 ఏప్రిల్‌లో దీని మీద స్పెషల్ డ్రైవ్ పెట్టింది. దొరికితే మోటార్ తీసుకపోవుడు, 5 వేల ఫైన్. బెంగళూరులో 2024 మార్చిలో తాగే నీళ్లతో కార్లు కడిగినా, చెట్లకు పట్టినా 5 వేలు వేసిన్రు. మొదట్లోనే 22 ఇండ్ల నుంచి లక్షా 10 వేలు వసూలైంది. మన ఊర్ల ఫైన్ వేస్తే పంచాయితీ ఎక్కడికి పోతదో మీకు తెల్సు, అది వేరే ముచ్చట!

అట్లని ఇంటింటికీ రేపే మీటర్ పెట్టాలని నేను అనను. రోజుకు కొద్దిసేపే నీళ్లు వచ్చే లైన్‌ల మొదట గాలి తోసుకొస్తది, ఆ గాలికి కూడా మామూలు మీటర్ తిరుగుతది. చివరి ఇంటాయన గాలికి బిల్లు కట్టాలె. ముందు చేయాల్సింది వాటర్ ట్యాంక్ దగ్గర ఒక పెద్ద మీటర్, ప్రతి వీధి లైన్‌కు ఒకటి. ట్యాంక్ నుంచి ఎంత పోయింది, వీధికి ఎంత చేరింది తెలిస్తే, మధ్యల ఎక్కడ లీక్ అయితుందో దొరుకుతది. గ్రామసభలో అడగాల్సింది ఇది.

ఇంట్లో మాత్రం ఇయ్యాల్నే చూడొచ్చు. రాత్రి పది గంటలకు సింటెక్స్ ట్యాంక్‌ల నీళ్లు ఎక్కడిదాక ఉన్నయో గుర్తు పెట్టండి. అందరూ పడుకున్నంక పొద్దున ఐదింటికి చూడండి. ఎవరూ వాడకున్నా తగ్గితే లీక్ ఉన్నట్టే. ఫస్ట్ టాయిలెట్ ఫ్లష్ ట్యాంక్ చూడండి. చప్పుడు లేకుండా కారేది అదే. నల్లా చుక్కలు కారుతుంటే కింద గ్లాస్ పెట్టి పది నిమిషాలు ఆగండి. పావు లీటర్ నిండితే గంటకు లీటరున్నర, రోజుకు 36, నెలకు 1,080 లీటర్లు. రెండు సింటెక్స్ ట్యాంకులు! వాషర్ పది రూపాయలు కూడా కాదు.

హైదరాబాద్‌ల రూమ్‌లు తీసుకుని ఉండే తమ్ముళ్లు, చెల్లెళ్లు, మీ మీటర్ మీద చిన్న చక్రం ఉంటది చూడండి. నల్లాలన్నీ బంద్ చేసినా అది తిరుగుతుంటే ఓనర్‌కు ఫోటో తీసి పంపండి. 20 వేలు దాటితే బిల్లు వస్తది, ఆ బిల్లు చివరికి మీ రెంట్ల కలుస్తది.

రాత్రి టెస్ట్ చేసినోళ్లు మీ ఊరు పేరు, ట్యాంక్ సైజ్, ఎంత తగ్గిందో కింద రాయండి. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల వాళ్లు నెలకు నల్లా బిల్లు ఎంత కడుతున్నరో కూడా చెప్పండి, వచ్చే ఎపిసోడ్‌ల అవన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం.