పనికొచ్చే పాత సామాను

పిల్లలు ఎదిగేసరికి సైకిలు చిన్నదైపోతుంది, స్వెటర్ బిగుతైపోతుంది. అటక ఎక్కించినవి ఎవరికీ అక్కరకు రావు.

2023 మేలో కేంద్ర ప్రభుత్వ స్వచ్ఛత ప్రచారంలో భాగంగా దేశమంతటా పట్టణాల్లో ట్రిపుల్ ఆర్ (రెడ్యూస్, రీయూజ్, రీసైకిల్) కేంద్రాలు తెరిచారు. పాత బట్టలు, పుస్తకాలు, బొమ్మలు అక్కడ ఇచ్చేయొచ్చు. వాటిని శుభ్రం చేసి, బాగుచేసి మళ్లీ వాడకంలోకి తెస్తారు. ఈ పద్ధతి పట్టణాలతోనే ఎందుకు ఆగాలి? మన పాపన్నపేట మహిళా సంఘం సమావేశాల్లోనే మొదలుపెట్టొచ్చు. ఎవరి దగ్గర ఏముంది, ఎవరికి ఏం కావాలి అని అడిగితే చాలు. తీసుకోవడం నామోషీ కానే కాదు. పాతది మళ్లీ వాడితే నీళ్లు కూడా ఆదా అవుతాయి: ఒక్క కాటన్ చొక్కా తయారీకి సుమారు 2,700 లీటర్ల నీళ్లు పడతాయని అంచనా. మంజీర ఒడ్డున బతికే మనకు ఆ నీళ్ల విలువ తెలుసు.

ఊరికే వచ్చిందని చూడకుండా తీసుకోవద్దు. మిక్సీ అయితే వైరు ఎక్కడైనా తెగిందా చూడండి. కుక్కర్‌కు గాస్కెట్, సేఫ్టీ వాల్వ్ కొత్తవి వేయించాకే పొయ్యి మీద పెట్టండి. వాడేసిన గ్యాస్ పైపు మాత్రం ఎవరిచ్చినా వద్దనండి.

ఈ వారం సంఘం మీటింగుకు వెళ్లేటప్పుడు, మీ ఇంట్లో వాడకుండా పడి ఉన్న వస్తువు ఒక్కటి పట్టుకెళ్లండి.