ఎముక అతికాక అసలు పని మొదలవుతుంది



ప్రమాదంలో గట్టి దెబ్బ తగిలినవాళ్లు మళ్లీ మామూలు మనుషులు కావడానికి ఫిజియోథెరపీ ఎలా తోడ్పడుతుందో ఈరోజు మాట్లాడుకుందాం. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలి తీసుకున్నాయి. గాయాలతో బయటపడినవాళ్లు 4,43,366 మంది. చనిపోయినవాళ్ల వార్త మర్నాడు పేపర్లో వస్తుంది. బతికినవాళ్లు ఆ తర్వాత ఎలా ఉన్నారో వాళ్ల ఇంట్లోవాళ్లకే తెలుసు. నా మాటలు ముఖ్యంగా ఆ ఇంట్లోవాళ్ల కోసమే.

కాలు విరిగి, లోపల రాడ్డు వేయించుకుని మనిషి ఇంటికి వస్తాడు. చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఒకటే చెబుతారు: "కాలు కింద పెట్టకు. మంచం దిగకు. అన్నీ మేం అందిస్తాం." అది ప్రేమతో అనే మాటే. కానీ డాక్టరు కదలమన్న తర్వాత కూడా అదే మాట పట్టుకుని కూర్చుంటే, ప్రమాదం చేయని నష్టం మంచం చేస్తుంది. రెండు మూడు వారాలు వాడకపోతే తొడ కండ చిక్కిపోయి, రెండో తొడ పక్కన పెట్టి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. మోకాలి కీలు చుట్టూ ఉండే పొరలు బిగుసుకుంటాయి. కదలిక లేని పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. పెద్ద వయసువాళ్లకైతే వీపు మీద పుండ్లు, ఊపిరితిత్తుల్లో నిమ్ము కూడా రావచ్చు.

ఎముక సంగతి కూడా అంతే. ఎముక తన మీద పడే బరువును బట్టి తనను తాను మలుచుకుంటుందని జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. స్లాబ్ వేశాక సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలో మేస్త్రి చెప్పినట్టే, కాలి మీద బరువు ఎప్పుడు మోపాలో, ఎంత మోపాలో ఆపరేషన్ చేసిన డాక్టరే చెప్పాలి. ఆయన సరే అన్నాక మాత్రం భయపడి ఆపకండి. ఆ బరువే ఎముకకు బలం.

మరి ఫిజియోథెరపీ ఎప్పుడు మొదలుపెట్టాలి? చాలామంది కట్టు విప్పాక అనుకుంటారు. చాలా కేసుల్లో ఆపరేషన్ అయిన మర్నాడే, మంచం మీదే మొదలవుతుంది. డాక్టరు వద్దనకపోతే పడుకునే చేయగలిగినవి రెండు చెబుతాను. మొదటిది, పాదాన్ని మీ వైపు లాగి, మళ్లీ అటు వైపు చాచడం. గంటకోసారి పది పదిహేను సార్లు చేస్తే పిక్క కండ బిగిసి వదులుతూ రక్తాన్ని పైకి పంపుతుంది. రెండోది, తుండుగుడ్డను చుట్టగా చుట్టి మోకాలి కింద పెట్టండి. మోకాలితో ఆ చుట్టను పరుపులోకి నొక్కండి. మనసులో ఐదు లెక్కపెట్టి వదలండి. నొక్కినప్పుడు తొడ మీద చెయ్యి పెట్టి చూస్తే కండ గట్టిపడటం తెలుస్తుంది. మొదట్లో కొందరికి ఎంత ప్రయత్నించినా ఆ కండ స్పందించదు. నొప్పికీ, కీలులో వాపుకీ మెదడు దాన్ని అణచి ఉంచుతుంది. అలాంటప్పుడు ముందు బాగున్న కాలితో చేసి, తర్వాత దెబ్బతిన్న కాలితో చేయిస్తాం. తొడలో చిన్న కదలిక వచ్చినా అది మంచి కబురే.

ఆ తర్వాత కీలు ఎంత వంగుతోందో కొలుస్తాం. కుర్చీలో సుఖంగా కూర్చోవడానికి మోకాలు 90 డిగ్రీలు వంగితే చాలు. గొంతుక్కూర్చోవాలంటే 130 డిగ్రీలు దాటాలి. అందుకే మీ పనేమిటో, మీ ఇల్లెలా ఉంటుందో ఫిజియోకి వివరంగా చెప్పండి. గుంట మగ్గం మీద నేసేవాళ్లు కాళ్లతో తొక్కుళ్లు తొక్కాలి. కూరగాయలమ్మే అమ్మ పొద్దస్తమానం నేల మీద కూర్చోవాలి. ఇంట్లో ఉన్నది నేల మీది మరుగుదొడ్డి కావచ్చు. "నడుస్తున్నాను, చాలులే" అని మధ్యలో మానేస్తే, తర్వాత ఆ పని దగ్గరే చిక్కుకుపోతారు.

నొప్పి గురించి ప్రతి ఒక్కరూ అడుగుతారు. వ్యాయామం చేసేటప్పుడు లాగినట్టు అనిపించి, ఒకటి రెండు గంటల్లో సర్దుకుంటే పర్వాలేదు, కొనసాగించండి. మర్నాటికి వాపు పెరిగినా, రాత్రి నిద్ర పట్టనంత సలుపు ఉన్నా ఎక్కువ చేశారన్నమాట. మోతాదు తగ్గించి ఫిజియోకి చెప్పండి. పిక్క ఒక్కసారిగా ఉబ్బి నొప్పి పెడితే ఆరోజే ఆస్పత్రికి వెళ్లండి. ఉన్నట్టుండి ఆయాసం గానీ, ఛాతీలో నొప్పి గానీ వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇంకో మాట, దయచేసి జాగ్రత్తగా వినండి. మోచేతికి దెబ్బ తగిలినప్పుడు నూనె రాసి గట్టిగా మాలిష్ చేయించడం, పట్టుకుని బలవంతంగా వంచడం మన ఊళ్లలో ఇంకా జరుగుతోంది. అలా చేస్తే కీలు చుట్టూ ఉన్న కండలోనే ఎముక పుట్టుకొచ్చి, చెయ్యి శాశ్వతంగా బిగుసుకుపోవచ్చు. నాటు కట్టు అయినా, ఆస్పత్రి కట్టు అయినా, వేళ్లు నీలంగా మారినా, మొద్దుబారినా, వేలు కదిపితే ఓర్చుకోలేని నొప్పి వచ్చినా తెల్లవారే దాకా ఆగకండి. కొన్ని గంటల ఆలస్యంతో చెయ్యి పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది.

ఇప్పటిదాకా ఎముకలూ కండలూ అన్నాం. దెబ్బ మనసుకూ తగులుతుంది. ఒక ఆటో డ్రైవరన్న ఉన్నాడు. లారీ గుద్ది కుడి కాలు విరిగింది. ఎముక చక్కగా అతికింది, మోకాలు వంగుతోంది, కొలతలన్నీ బాగున్నాయి. కానీ రోడ్డు మీద లారీ హారన్ వినపడితే చాలు, కుడి తొడ బిగుసుకుపోయేది, ఊపిరి పైపైనే ఆడేది. కాలితో తొక్కాల్సిన బ్రేకు కదా, ఆటో ఎలా నడుపుతాడు? ఇంట్లోవాళ్లు "బద్ధకం" అన్నారు. అది బద్ధకం కాదు. ఆ క్షణం మళ్లీ వస్తుందేమోనని ఒళ్లు కాచుకుని కూర్చుంది. అతనికి ముందు నెమ్మదిగా పొట్ట దాకా ఊపిరి తీసి, అంతకంటే నెమ్మదిగా వదలడం నేర్పాం. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి, పాదం కింద దిండు పెట్టి బ్రేకు తొక్కినట్టు తొక్కించాం. ఆ తర్వాత ఆగి ఉన్న ఆటోలో, ఆ తర్వాత ఖాళీ వీధిలో. ప్రతి మెట్టూ అతను సరే అన్నాకే ఎక్కాం. ఒంటి మీద చెయ్యి వేసే ముందు కూడా చెప్పి, అడిగి వేశాం. తన శరీరం మళ్లీ తన మాట వింటోందని తెలిసేకొద్దీ భయం పట్టు సడలింది.

అన్నీ ఫిజియోథెరపీతోనే నయమవుతాయని నేననను. నెల దాటినా ప్రమాదం కళ్ల ముందు తిరుగుతుంటే, పీడకలలు వస్తుంటే, ఆ రోడ్డు వైపే వెళ్లలేకపోతుంటే మానసిక వైద్యుల్ని కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. రెండు వైద్యాలూ పక్కపక్కనే సాగితే మనిషి త్వరగా తేరుకుంటాడు.

రోజూ ఆటో కట్టించుకుని సెంటర్‌కి తీసుకెళ్లే స్తోమత అందరికీ ఉండదు, నాకు తెలుసు. అలాంటప్పుడు వారానికో, పదిహేను రోజులకో ఒకసారి వెళ్లండి. మీ జిల్లా ప్రభుత్వాసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగం ఉందేమో కనుక్కోండి. మీ ఫోన్‌లోనే వ్యాయామాల వీడియో తీసుకుంటామని అడగండి. ఇంట్లో ఒకరు పక్కన ఉండి చేయించండి. చేతికర్ర బాగున్న కాలి వైపు చేత్తో పట్టుకోవాలి. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బతిన్న కాలు ముందు. నీళ్ల గ్లాసు మంచం దగ్గరికి తెచ్చివ్వడం సులువే. డాక్టరు నడవమన్నాక మాత్రం, గ్లాసు నాలుగడుగుల దూరంలో పెట్టి, పడిపోకుండా మీరు పక్కనే నిలబడండి. అప్పుడు అంతకంటే పెద్ద సేవ లేదు.

డిశ్చార్జి రోజు మందుల చీటీ తీసుకుని హడావుడిగా బయల్దేరకండి. డాక్టర్ని మూడు ప్రశ్నలడగండి: కాలి మీద ఎంత బరువు మోపవచ్చు? ఏ కీలు ఎప్పటి నుంచి కదపాలి? ఏ కదలిక అస్సలు చేయకూడదు? జవాబులు చీటీ మీద రాయించుకుని, ఆ చీటీ ఫిజియోకి చూపించండి. "ఎన్నాళ్లు రెస్టు తీసుకోవాలి డాక్టరుగారూ" అని మనకు అడగడం అలవాటు. దాంతోపాటు "ఈరోజు నుంచి ఏం చేయాలి" అని కూడా అడగండి.