కుజదోషం – లెక్క చూసిన తరువాతే మాట



గత సంవత్సరం ఒక తండ్రి తన కుమార్తె జాతకం తీసుకొని నా వద్దకు వచ్చారు. అమ్మాయికి 29 సంవత్సరాలు. విద్యావతి, గుణవతి. "శాస్త్రిగారూ! కుజదోషమన్న ఒక్క మాటతో తొమ్మిది సంబంధాలు వెనుకకు పోయినవి. కంప్యూటరు కూడా దోషమనే చెప్పినది. ఇక మాకు దిక్కేమిటి?" అని కంటతడి పెట్టుకున్నారు. కంప్యూటరు చెప్పినది గనుక ఆయనకు అది బ్రహ్మలిఖితమై కూర్చున్నది. ఆ యంత్రం చేసినదల్లా కుజుడు ఏ స్థానంలో ఉన్నాడో గుణించి, మనం నేర్పిన సూత్రాన్ని మనకే అప్పజెప్పడం. ఆ సూత్రం ఎన్ని కాపురాలలో నిజమైనదో దానికి తెలియదు.

మన ప్రాంతంలో లగ్నం నుండి 2, 4, 7, 8, 12 స్థానాలలో కుజుడుంటే దోషమంటారు. ఉత్తరాదిన రెండవ స్థానానికి బదులు లగ్నాన్నే చేర్చేవారున్నారు. ఏదైనా ఒక్క దినాన్ని తీసుకోండి. కుజుడు సాధారణంగా ఆ దినమంతా ఒకే రాశిలో ఉంటాడు. లగ్నం మాత్రం 24 గంటలలో పన్నెండు రాశులనూ చుట్టివస్తుంది. అనగా పన్నెండింట ఐదు వంతుల కాలం, ఇంచుమించు పది గంటలు, జన్మించిన శిశువులందరికీ కుజదోషమే! నూటికి 42 మంది. చంద్రుని నుండి కూడా చూడాలంటే, ఏదో ఒక విధంగా దోషం తగిలేవారు మూడింట రెండు వంతులవుతారు. శుక్రుని నుండి చూస్తే సంఖ్య ఇంకా పెరుగుతుంది. ఇన్ని మినహాయింపులు, పరిహారాలు ఎందుకు వచ్చినవో ఈ లెక్క వేసిన నాడు నాకు బోధపడినది.

ఇప్పుడొకరు "విడిపోయిన నూరు జంటలలో 42 మంది వధువులకు కుజదోషమున్నది" అన్నారనుకోండి. గుండె గుభేలుమంటుంది. కాని చక్కగా కాపురం చేస్తున్న నూరుగురు ఇల్లాండ్రలో కూడా 42 మందికి ఉండవలసినదే కదా! ఆ రెండవ నూరును లెక్కించేవారెవరు? సుఖంగా ఉన్నవారు జాతకం పట్టుకొని సిద్ధాంతి గడప తొక్కరు. కనుక నాలుగు గళ్ళూ నింపాలి: దోషముండి చెడినవి, దోషముండి నిలిచినవి, దోషం లేక చెడినవి, దోషం లేక నిలిచినవి. మా ఇంటిలో సహధర్మచారిణికి కుజుడు సప్తమంలోనే ఉన్నాడు; 51 సంవత్సరాలుగా కాపురం చేస్తున్నాము. అది కూడా ఒక గడిలో ఒక గీత మాత్రమే.

2008లో పుణే నగరంలో కీర్తిశేషులు జయంత్ నార్లీకర్ గారు ఇటువంటి పరీక్షయే చేశారు. ప్రతిభ గల విద్యార్థుల జాతకాలు నూరు, బుద్ధిమాంద్యం గల పిల్లలవి నూరు. పేర్లు తొలగించి, 27 మంది జ్యోతిష్కులకు 40 చొప్పున ఇచ్చారు. సగటున సరిపోయినవి నూటికి 46. నాణెం ఎగురవేసినా 50 వచ్చేవి. అందరిలో మిన్నగా చెప్పినవారికి 40లో 24 సరిపోయినవి. ఆయన ఒక్కరినే మనం విని ఉంటే త్రికాలజ్ఞుడని సాష్టాంగపడేవారం! బుద్ధిబలాన్ని గూర్చి అలా అడగరాదని వాదించవచ్చును. సరే, అడగదగిన ప్రశ్నను మనమే వేద్దాం.

ఇది శాస్త్రద్రోహమని కొందరికి తోచవచ్చు. కేరళదేశంలో పరమేశ్వరుడు ఏండ్ల తరబడి గ్రహణాలను కంటితో చూచి, గణితం తప్పుతున్నదని గ్రహించి, 1431లో దృగ్గణితాన్ని ఏర్పరచాడు. ఆయనను ద్రోహి అన్నామా? ఋగ్వేద సూక్తాలను అనుక్రమణికలో లెక్కకట్టి భద్రపరచినది మన పెద్దలే. గణితస్కంధానికి పట్టిన ఆ గీటురాయిని హోరాస్కంధానికి పట్టడానికి మనకెందుకు జంకు?

ఇరవై ఏండ్లు నిండిన వివాహాల వివరాలు సేకరించాలి. పేర్లు వద్దు. జన్మసమయం ఆసుపత్రి కాగితం మీదిదే కావాలి. "కోడి కూసే వేళ" అని నాయనమ్మ చెప్పినది పనికిరాదు. కాపురం సంగతి తెలియనివారే దోషం ఉన్నదీ లేనిదీ ముందుగా వ్రాసి పెట్టాలి.

ఆ తండ్రికి నేను ఆనాడు ఈ పది గంటల లెక్కనే వివరించాను. ఆయన శ్రద్ధగా విని, "ఈ మాట మగపెళ్ళివారికి ఎవరు చెబుతారండీ?" అన్నారు. అందుకే ఈనాడు మీ అందరి ఎదుట చెప్పుచున్నాను.

స్వస్తి.