బడి తోటకు నీరెక్కడిది?

(సోమందేపల్లెలో మేము చేసిన ఉపన్యాస పాఠము)



బడి ఆవరణములలో పూలమొక్కలు పెంచుటను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మీరు మమ్ము కోరితిరి. విషయము చిన్నదిగా కన్పట్టును. బిందె నీటికొరకు వరుసలో నిలిచి యెరిగిన ఊరిలో పూలను గూర్చి ఉపన్యసించుట పరిహాసమని తలచువారును మీలో ఉందురు. ఆ తలంపు తప్పని మేమనము. దానికి సమాధానము చెప్పకుండ నాటిన మొక్క ఈ నేలలో బ్రతుకదు.

మన నేల సంగతి మీకు తెలియనిది కాదు. పడమటి కనుమలు నైరుతి ఋతుపవనములను అడ్డుకొనుచున్నవి. తూర్పు తీరము దూరమగుటచే ఈశాన్య ఋతుపవనములును ఇచ్చటికి వచ్చుసరికి బలహీనమగుచున్నవి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతముననే వాన. అదియును ఒక ఏడు కురిసి ఒక ఏడు ముఖము చాటువేయును. 2022 ఏప్రిలు 4వ తేదీన మనము అనంతపురము జిల్లా నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనికి వచ్చితిమి. జిల్లా పేరు మారినది గాని మబ్బు దారి మారలేదు. హంద్రీ-నీవా పథకముచే కృష్ణాజలములు శ్రీశైలము నుండి పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయము వరకు వచ్చుచున్న మాట నిజమే. కాని మెట్టుమెట్టుగా ఎత్తిపోసి తెచ్చిన నీరది. దానిని చులకనగా చూచుటకు మనకు హక్కు లేదు.

ఇక ఒక బడి సంగతి చెప్పెదము. పేరు చెప్పము, ఏలయన అట్టి బడులు పెక్కు గలవు. పెద్దలు వచ్చు దినమున క్రోటన్లు, గులాబీలు, పరచుటకు సిద్ధము చేసిన పచ్చిక లారీలో దిగినవి. ఉపన్యాసములు జరిగినవి. ఛాయాచిత్రములు తీసిరి. చప్పట్లు కొట్టిన వారిలో మేమును ఉంటిమి. ఏప్రిలు నెలలో వేరొక పనిమీద ఆ దారిని పోవుచు లోనికి తొంగిచూచితిమి. నాటినవారి పేర్లు గల పలకలు వరుసగా నిలిచియున్నవి. వాని ప్రక్కన మొక్కలు లేవు. ఆ దినము మాకు కలిగిన సిగ్గే నేటి ఈ ఉపన్యాసమునకు కారణము.

ఆ తోట ఏల చచ్చినది? మొదటిది, కాలము తప్పుట. 1950లో కె. ఎం. మున్షీగారు వనమహోత్సవమును ఆరంభించినప్పుడు జులై మొదటి వారమును నిర్ణయించిరి. దేశమున పెక్కుచోట్ల అది తగిన కాలమే. మన సీమలో మిక్కుటముగా వాన కురియు నెల సెప్టెంబరు. జూనులో బడి తెరువగానే గుంటలు త్రవ్వి, చెరువు మన్నును పశువుల ఎరువును కలిపి నింపి, నేల లోతుగా పదునైన పిమ్మట నాటిన మొక్క వేసవిలోపల వేరు దించుకొనును. పంచాంగము చూచి కాదు, పదును చూచి నాటవలెను. ఈ మాట మన రైతునకు తెలియును. సభలు చేయు మనము అతనిని అడుగము.

రెండవది, మొక్కను ఎన్నుకొనుటలో పొరపాటు. చల్లని నీడలో నిత్యము తడి కోరు క్రోటనును తెచ్చి ఎర్రటి ఎండలో నిలిపితే అది ఏమి చేయును? మన తంగేడు ఎవరును నీరు పోయకయే గట్లమీద బంగారు పూలు పూయుచున్నది. దానిని బడిలోనికి పిలిచినవారు లేరు. బ్రెజిలు దేశపు కాగితపు పూలతీగ వేరూనిన పిమ్మట కొద్ది నీటితో కాలము గడుపును. కంచె వెంట కానుగ, వేప వేసితిమేని వాని నీడలో నందివర్ధనము నిలుచును. బిళ్ళగన్నేరు మడగాస్కరు నుండి వచ్చి మన గోడ పగుళ్ళలో సైతము పూయుచున్నది. పసిపిల్లల రక్తపు క్యాన్సరునకు వైద్యులు వాడు విన్‌క్రిస్టిన్ అను మందు దానినుండియే లభించినది. ఉపాధ్యాయుడు ఈ ఒక్క మొక్క ముందు పిల్లలను నిలిపి, వృక్షశాస్త్రమును భూగోళమును వైద్యమును ఒకే గంటలో చెప్పవచ్చును.

అయితే అందమైన ప్రతిదియు బడికి తగదు. బిళ్ళగన్నేరు మందుమొక్కయే గాని నోట పెట్టదగినది కాదని పిల్లలకు మొదటి దినముననే చెప్పవలెను. పచ్చగన్నేరు గింజ ప్రాణము తీయును. చిన్నపిల్లలు చదువు బడిలో దానిని నాటనే కూడదు. ఏడాది పొడవున పచ్చగా నుండునని ఊరూర నాటిన కోనోకార్పసును, ఆరోగ్యమునకును పర్యావరణమునకును హాని గలదని గుజరాతు ప్రభుత్వము 2023లో నిషేధించినది. తోటల అందమునకై విదేశముల నుండి తెచ్చిన లాంటానా నేడు మన అడవులలో పశువుల మేతను మ్రింగుచున్నది. అలంకారమని తెచ్చినది ఆపద యగుట ఇట్లే.

మూడవది, ముఖ్యమైనది, నీరు. బడికి వచ్చు త్రాగునీటి నుండి తోటకు ఒక చెంబైనను తీయరాదని మా నిశ్చితాభిప్రాయము. అట్లయిన నీరెక్కడిది? లెక్క చూతము. రెండు వందల మంది పిల్లలు మధ్యాహ్న భోజనమునకు ముందు చేతులును, తరువాత చేతులును కంచములును కడుగుకొందురు. తలకొక లీటరే అనుకొన్నను దినమునకు 200 లీటర్లు కాలువలో పోవుచున్నవి. మొక్కకు ఐదు లీటర్ల చొప్పున దినము విడిచి దినము పోసినచో ఎనుబది మొక్కలకు సరిపోవును. ఎంగిలి మెతుకులు నిలుచునట్లు ఒక గుంటలో కంకరయు ఇసుకయు పోసి, ఆ నీటిని దానిగుండ పాదులకు మళ్ళింపవచ్చును. సబ్బు మిక్కిలిగా కలిసిన నీటిని వేరుగా పోనీయవలెను. మొక్క ప్రక్కన పాత మట్టికుండను మెడవరకు పాతి నీరు నింపి మూత పెట్టితిమేని, కుండ చెమ్మ మెల్లమెల్లగా వేళ్ళకు అందును. పాదులో వేరుసెనగ పొట్టు పరచినచో ఎండ ఆ తడిని త్వరగా లాగుకొనలేదు. వేరుసెనగ పొట్టునకు మన ప్రాంతమున కొదువ లేదు గదా!

ఇందులో మేము క్రొత్తగా కనిపెట్టినది ఏమియు లేదు. అంట్లు తోమిన నీటిని పారబోయక ముంగిటి కనకాంబరమునకు పోయు మన అవ్వలు ఈ శాస్త్రమును ఎన్నడో ఎరుగుదురు. కరవు సీమలో పూవులెందుకని అడుగువారికి వారే సమాధానము. కరవు వచ్చినను వారు సిగలో పూవు మానలేదు, పూవు కొరకు బిందె నీరు దుబారా చేయలేదు. ధనవంతుల బిడ్డలు చదువు బడులలో పచ్చికబయళ్ళు ఉండగా, కూలివాని బిడ్డ చదువు బడి ముంగిట రాళ్ళును ముండ్లును మాత్రమే ఉండవలెనా? అందము చూచు కన్ను పేదవానికిని గలదు. మిగులు నీరు ఎన్ని మొక్కలను మోయగలదో అన్నియే నాటుదము. నాటిన వానిలో ఒక్కటియు చావనీయకుందము.

దీనికి పూచీ ఎవరిది? మేము న్యాయవాద వృత్తిలో ఉన్నవారము గనుక చట్టము తిరుగవేసి చూచితిమి. 2009 విద్యాహక్కు చట్టపు అనుబంధములో త్రాగునీరు, మరుగుదొడ్లు, ఆటస్థలము, ప్రహరీగోడ లేక కంచె ఉండవలెనని గలదు. తోట మాట లేదు. చట్టము అడుగని దానిని మన అభిమానమే నిలుపవలెను. అయినను అదే చట్టము బడి యాజమాన్య సంఘమును ఏర్పరచి, అందు నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులు, సగము మంది స్త్రీలు ఉండవలెనని విధించినది. ఆ సంఘము చేతనే ఈ పని సాగును. బడిలో నీరు పోయు వంతు ప్రతి పిల్లవానికిని, ప్రతి పిల్లకును రావలెను. ఆడపిల్లలకే అంటగట్టరాదు. ఒక కులము పిల్లల పని యని ఎంచరాదు. ఆలస్యముగా వచ్చిన పిల్లవానికి శిక్షగా బిందె చేతికీయరాదు. శిక్షగా నీరు పోసిన చేయి ఆ మొక్కను ఎన్నటికిని ప్రేమింపదు. 1937లో వార్ధా విద్యాసభలో గాంధీజీ చేతిపని ద్వారా చదువు నేర్పుడని కోరినది పిల్లలను కూలీలుగా చేయుటకు కాదు, పనిని గౌరవించు పౌరులుగా పెంచుటకు.

వేసవి సెలవులలో పిల్లలుండరు, భోజనశాల ఉండదు, మిగులు నీరు ఉండదు. మొక్క చచ్చునది అప్పుడే. ఆ ఏడు వారములు పెద్దల వంతు. బడి దగ్గర కాపురమున్న ఇంటింటివారును తమ ఇంటి వాడుక నీరు వారమునకు రెండుమార్లు రెండేసి బిందెలు తెచ్చి పోయుదురేని, వేరూనిన మొక్క ప్రాణము నిలుచును. పేర్ల పట్టికను మార్చి నెలలోనే వ్రాసి బడి గోడకు అంటింపుడు. మొదటి వారమునకు మా పేరు వ్రాసికొనుడని మనవి చేయుచున్నాము. అవసరమైనచో మోటారులో నీటి డబ్బాలు వేసికొని వత్తుము.

కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానును మీలో పెక్కుమంది చూచియుందురు. ఇంచుమించు ఐదు ఎకరముల మేర కొమ్మలు చాచిన ఆ మర్రి 1989లో గిన్నిసు పుస్తకములోనికి ఎక్కినది. అదియు ఈ కరవు నేల చెట్టే. తరతరములవారు దానిని నరుకక, ఊడలు నేలకు దిగు చోట అడ్డుపడక కాచిరి గనుక అంత పెరిగినది. మనము బడిలో నాటబోవునది చిన్న నందివర్ధనమే కావచ్చును. రెండు వేసవులు దాటింపుడు. పిదప కావలెనన్న పేరు పలక పెట్టుకొనుడు. దానిమీద నీరు పోసిన పిల్లల పేర్లు వ్రాయింపుడు.