మలుపు తిరగకముందే వచ్చే బంతి

సియాటిల్ పక్కనున్న బాతెల్ హైస్కూల్లో చదివిన రాస్ బవర్స్, 2017లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు క్వార్టర్‌బ్యాక్. బంతి విసిరేది క్వార్టర్‌బ్యాక్, అందుకునేది రిసీవర్.

సీజన్‌కు ముందు జరిగే ఆగస్టు సాధనలో వీళ్లిద్దరి పొత్తే కీలకం. రిసీవర్ మలుపు తిరగకముందే బంతి చెయ్యి దాటుతుంది. పది గజాల దగ్గర తిరగాల్సినవాడు పన్నెండుకు వెళ్తే, అది ప్రత్యర్థికి చిక్కవచ్చు. పొరపాటు రిసీవర్‌దైనా లెక్కల్లో మచ్చ క్వార్టర్‌బ్యాక్‌కే. అన్యాయమే మరి! అందుకే వీడియో చూస్తూ ఎవరి అడుగు ఎక్కడ తప్పిందో ఇద్దరూ ముఖాముఖి ఒప్పుకోవాలి.

బాతెల్‌కు దగ్గర్లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 2023 సీజన్‌లో ఈ పొత్తు అద్భుతంగా కుదిరింది. క్వార్టర్‌బ్యాక్ మైకల్ పెనిక్స్ విసిరిన బంతులు 4,903 గజాలు తెచ్చాయి. దేశంలో అదే అత్యధికం. అందులో రిసీవర్ రోమ్ ఒడున్జే వాటా 1,640. జట్టు జాతీయ ఫైనల్ దాకా వెళ్లి, మిషిగన్ చేతిలో 34-13తో ఓడింది.