జ్వరం తగ్గితే సరిపోదు, నెత్తురు చూడాలె
(ఆదిభట్లలో చేసిన ప్రసంగ పాఠం)



దోమ కడుపుల మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ చూసింది మన సికింద్రాబాద్‌లనే, 1897 ఆగస్టు 20న. గొప్పగా చెప్పుకుంటం. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల తెలంగాణ పసిపిల్లల్ల నూటికి 70 మందికి రక్తహీనత ఉన్నదని తేలింది. దీన్నేమని చెప్పుకుందాం?

అసలే నెత్తురు తక్కువున్న పిల్లకు ఫాల్సిపారం మలేరియా సోకితే ఏమైతది? క్రిమి ఎర్రకణంల దూరి, పెరిగి, దాన్ని పగలగొట్టుకొని బయటికొస్తది. బాగున్న కణాలు కూడా కొన్ని నాశనమైతయి. ఎముకల మూలుగ కొత్త నెత్తురు పుట్టించుడు తగ్గిస్తది. హిమోగ్లోబిన్ 5 గ్రాములకు పడిపోయిందంటే ప్రాణం మీదికొచ్చినట్టే.

మందు పడంగనే జ్వరం దిగుతది, తల్లి నిమ్మళపడ్తది. నెత్తురు మాత్రం వారాలు గడిచినా పుంజుకోదు. ఆఫ్రికాల ఇట్లనే ఇంటికి పంపిన పిల్లలు తర్వాతి నెలలల్ల ఎందరో చనిపోయిన్రు. అందుకే మలేరియా ఎక్కువున్న చోట్ల డిశ్చార్జి తర్వాత కూడా మందియ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022ల చెప్పింది.

మన దిక్కు మలేరియా బాగా తగ్గింది, నిజమే. కానీ ఇబ్రహీంపట్నం చుట్టూ ఇటుక బట్టీలకు ఒడిశా కూలీలొస్తరు. అక్కడి అడవి జిల్లాలల్ల ఆ రోగం ఇంకా ఉన్నది. వాళ్లే మోసుకొస్తున్నరనే మాట మాత్రం నోట రానియ్యొద్దు. వలస బాధ మన పాలమూరుకు తెల్వదా?

బిడ్డకు జ్వరమొస్తే కింది రెప్ప దించి చూడుండ్రి. తెల్లగ పాలిపోయినా, ఆయాసపడ్తున్నా ఆ రోజే ఆస్పత్రికి తీస్కపోవాలె. మలేరియా పరీక్షతోపాటు హిమోగ్లోబిన్ కూడా చూడుమని అడగాలె. నెలకు మళ్లా చూపియ్యాలె. బట్టీల పిల్లల పేర్లు అంగన్‌వాడీల రాయించే పని రేపటి నుంచే మొదలుపెడదాం.